పాత ట్రాక్టర్ స్టార్ట్ కావట్లేదా? కొత్త బ్యాటరీ కొనేముందు కరెంటు ఎక్కడ ఆగిందో చూడండి

కీ తిప్పితే టిక్కుమని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతుంది. లేదా సెల్ఫ్ రెండుసార్లు మూలిగి ఊరుకుంటుంది. ఒక్కోసారి ఏ శబ్దమూ ఉండదు, లైట్లు కూడా వెలగవు. ఇలాంటప్పుడు చాలామంది ముందు కొత్త బ్యాటరీ కొంటారు, దాంతో పని కాకపోతే సెల్ఫ్ మోటార్ విప్పిస్తారు, అదీ కాకపోతే వైరింగ్ మొత్తం మార్పిస్తారు. ఇంత ఖర్చూ అయ్యాక తెలుస్తుంది, ఛాసిస్‌కి ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద తుప్పు పట్టి ఉందని. పాత ట్రాక్టర్లో కరెంటు సమస్య వస్తే సామాన్ల కంటే ముందు జాయింట్లను అనుమానించాలి, అనుమానించి ఊరుకోకుండా కొలిచి చూడాలి. ఇందులో చెప్పేదంతా ఆ కొలిచే పద్ధతి గురించే.

జాయింట్ల మీద ఇంత పట్టుదల ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది. 300 ఆంపియర్లు పోయే దారిలో ఒక లగ్గు (కేబుల్ కొనకు ఉండే, బోల్టు కింద బిగించే లోహపు ముక్క) దగ్గర ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 3 వోల్టులు అక్కడే వేడిగా మారి పోతాయి, సెల్ఫ్ దాకా చేరవు. అంత చిన్న అడ్డును మల్టీమీటర్‌ని ఓమ్‌లలో పెట్టి చూస్తే పట్టుకోలేరు. కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజ్ ఎక్కడ పడిపోతోందో చూస్తేనే దొరుకుతుంది.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. మామూలు మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంప్, వైరు బ్రష్, సన్న ఎమరీ పేపర్, స్పానర్లు, ఒక జంపర్ కేబుల్ ఉంటే చాలు. టెస్ట్ ల్యాంప్ అంటే ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టుకున్నా సరిపోతుంది. మీటర్ ఉండగా బల్బు ఎందుకని అడగొచ్చు. మీటర్ దాదాపు కరెంటు తీసుకోదు కాబట్టి తెగిపోయి ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరులో కూడా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. 21 వాట్ల బల్బు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆ వైరు ఆ బరువు మోయలేకపోతే బల్బు మసకబారుతుంది. రెండూ దగ్గర పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు

మీ ట్రాక్టర్ 6 వోల్టులదా 12 వోల్టులదా, బ్యాటరీ ఏ కొన ఛాసిస్‌కి ఎర్త్ అయి ఉంది, బ్యాటరీని చార్జ్ చేసేది పాతకాలపు డైనమోనా తర్వాత వచ్చిన ఆల్టర్నేటరా, పెట్రోలా డీజిలా, ఇవి ముందు తెలియాలి. పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ చాలా మామూలు. ఫోర్డ్ 9ఎన్, 2ఎన్, 8ఎన్ ట్రాక్టర్లు 1939 నుంచి 1952 వరకు 6 వోల్టుల పాజిటివ్ ఎర్త్‌తోనే వచ్చాయి. అయితే ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు మారిందో, ఎవరు ఏం మార్చారో తెలియదు కాబట్టి పుస్తకంలో రాసింది నమ్మి ఊరుకోకుండా బ్యాటరీ దగ్గర కళ్లతో చూడండి. ఆల్టర్నేటర్ ఉన్న బండికి బ్యాటరీ తిరగేసి కడితే లోపల డయోడ్లు అక్కడికక్కడే కాలిపోతాయి.

ఇక జాగ్రత్తలు. ఈ పేరా దాటవేయకండి. గేరు న్యూట్రల్‌లో, పీటీవో (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) ఆఫ్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టి ఉండాలి. కింద నిలబడి సెల్ఫ్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో రెండు బోల్టులు షార్ట్ చేసి స్టార్ట్ చేసే అలవాటు ఎవరికైనా ఉంటే మానేయాలి, ఎందుకంటే అలా చేస్తే న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ పనిచేయదు, గేరులో ఉంటే ట్రాక్టర్ స్టార్ట్ అయిన వెంటనే కదులుతుంది, మనిషి నిలబడేది సరిగ్గా వెనక చక్రం ముందు. ప్రపంచమంతటా దీనివల్ల ప్రాణాలు పోయాయి. సెల్ఫ్ తిప్పి చూసే పరీక్షలన్నీ సీట్లో కూర్చున్న మనిషి కీ తిప్పుతుంటే, మీరు చక్రాల దారికి పక్కగా ఉండి మీటర్ చూస్తూ చేయండి. ఆ సమయంలో ఇంజిన్ స్టార్ట్ కాకుండా డీజిల్ బండి అయితే స్టాప్ నాబ్ లాగి ఉంచండి, పెట్రోల్ అయితే కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరు తీసి ఎర్త్‌కి తగిలించండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, దగ్గర్లో నిప్పు, బీడీ, సిగరెట్ వద్దు. ఉంగరం, వాచీ తీసేయండి. బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు ఎర్త్ వైపు ముందు తీయాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్లో పెట్టాలి.

బ్యాటరీ నిజంగా పోయిందా?

చార్జింగ్ నుంచి తీసి కొన్ని గంటలు ఊరికే ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే పావు వంతే మిగిలిందని. చూశారుగా, 12 వోల్టులు ఉన్నాయి కదా బాగానే ఉంది అనుకోవడం ఎంత పొరపాటో. ఇప్పుడే చార్జర్ తీసి కొలిస్తే లేని బలం కనిపిస్తుంది, కాసేపు హెడ్‌లైట్లు వేసి ఆర్పి, కొద్దిసేపు ఆగి కొలవండి.

ఆ తర్వాత అసలు పరీక్ష. మీటర్ కొనలు బ్యాటరీ పోస్టుల మీదే పెట్టి సెల్ఫ్ కొట్టించండి. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనపడింది, లేదా సెల్ఫ్ మోటార్ లాగాల్సిన దానికంటే ఎక్కువ లాగుతోంది. 6 వోల్టుల బండికి ఈ లెక్క దాదాపు సగం. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో (ఆసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) సెల్లు సెల్లుగా చూడటం ఇంకా నమ్మకమైన పని: నిండు చార్జ్‌లో 1.265 నుంచి 1.280 మధ్య ఉండాలి, అన్ని సెల్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక సెల్ మిగతా వాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయినట్టే, ఎంత చార్జ్ చేసినా ఆ బ్యాటరీ నిలబడదు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, ఆసిడ్ పోయకూడదు.

కీ తిప్పినప్పుడు హెడ్‌లైట్లు చూడండి

మీటర్ బయటికి తీయకముందే సగం విషయం చెప్పే పరీక్ష ఇది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు దాదాపు ఆరిపోయేంతగా మసకబారి సెల్ఫ్ తిరగకపోతే కరెంటు అందట్లేదని అర్థం: బ్యాటరీ ఖాళీ, లేదా టెర్మినల్ దగ్గర, ఎర్త్ దగ్గర జాయింట్ చెడింది, లేదా సెల్ఫ్ పళ్లు ఫ్లైవీల్ రింగులో ఇరుక్కున్నాయి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, శబ్దం కూడా రాకపోతే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లనే లేదు, కాబట్టి కీ స్విచ్, న్యూట్రల్ స్విచ్, సోలెనాయిడ్‌కి (కీ తిప్పితే సెల్ఫ్‌కి లావు కరెంటు కలిపే స్విచ్) వెళ్లే సన్న వైరు చూడాలి. టిక్కుమని శబ్దం వచ్చి లైట్లు మాత్రం అలాగే ఉంటే సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, లేదా సెల్ఫ్ మోటార్లో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. మోటార్ గిర్రున తిరిగే శబ్దం వస్తూ ఇంజిన్ కదలకపోతే అది కరెంటు సమస్యే కాదు, బెండిక్స్ పినియన్ (ఫ్లైవీల్ రింగును పట్టుకునే సెల్ఫ్ పళ్ల చక్రం) ముందుకు రావట్లేదు, చాలాసార్లు దుమ్ము, గట్టిపడిన పాత గ్రీజు వల్ల.

వోల్టేజ్ ఎక్కడ పడుతోందో పట్టుకోవడం

ఇది నేర్చుకుంటే మిగతా వైరింగ్ అంతా దీని మీదే నడిపించొచ్చు. నెగటివ్ ఎర్త్ బండి అనుకుందాం. మీటర్ ఎర్ర కొన బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్ల కొన సెల్ఫ్ మోటార్ మీద లావు వైరు బిగించిన బోల్టు కొన మీద పెట్టండి. పోస్టు అంటే సీసపు పోస్టే, దాని చుట్టూ ఉన్న క్లాంప్ కాదు, ఎందుకంటే పోస్టుకీ క్లాంప్‌కీ మధ్య ఉన్న తెల్లటి పొరే చాలాసార్లు దొంగ. ఇప్పుడు సెల్ఫ్ కొట్టించండి. తిరుగుతున్నంతసేపు మీటర్ అర వోల్టు కంటే తక్కువ చూపాలి. 2 వోల్టులు చూపిస్తే ఆ దారిలో ఎక్కడో 2 వోల్టులు పోతున్నాయి, కొనలు ఒక్కో జాయింట్ దాటిస్తూ పోతే ఏ జాయింట్ దగ్గర అంకె ఒక్కసారిగా మారుతుందో అదే దోషి.

అలాగే ఎర్త్ వైపు. ఒక కొన నెగటివ్ పోస్టు మీద, ఇంకోటి సెల్ఫ్ మోటార్ బాడీ మీద, పెయింట్ గీకిన చోట. ఇక్కడ 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. కరెంటు వెళ్లే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారీ అంతే, కానీ ఎర్త్‌ని ఎవరూ పట్టించుకోరు. పెయింట్ వేయించిన ట్రాక్టర్లలో అయితే మరీ, ఎర్త్ బోల్టు కింద మందంగా రంగు పూసేసి దాని మీద లగ్గు బిగించి ఉంటారు. మీటర్ లేకపోతే జంపర్ కేబుల్ ఒక కొన బ్యాటరీ ఎర్త్ పోస్టుకి, ఇంకో కొన ఇంజిన్ బ్లాకుకి గట్టిగా పట్టించి సెల్ఫ్ కొట్టండి, అప్పుడు హుషారుగా తిరిగితే ఎర్తే సమస్య.

బాగుచేయడం తేలికే. ఎర్త్ వైరు విప్పి, లగ్గునూ అది కూర్చునే చోటునూ మెరిసే లోహం కనిపించేదాకా ఎమరీతో రుద్ది, గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు గానీ వాసెలిన్ గానీ పూయండి. లావు కేబుల్ లగ్గు దగ్గర వంచి చూడండి, లోపల పచ్చటి చిలుము పట్టి కరకరమంటే ఆ కేబుల్ మార్చాల్సిందే. 6 వోల్టుల బండికి సన్నటి కారు కేబుల్ వేయకండి. అదే పవర్‌కి రెండింతల కరెంటు పారుతుంది, కాబట్టి వైరు ఇంకా లావుగా ఉండాలి.

సెల్ఫ్‌కి కబురే అందకపోతే

సోలెనాయిడ్ సన్న వైరు దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టి కీ తిప్పించండి. బాగా వెలిగిందంటే తప్పు సోలెనాయిడ్లోనో మోటార్లోనో ఉంది. వెలగకపోతే వెనక్కి వెళ్లాలి: న్యూట్రల్ స్విచ్, కీ స్విచ్, ఫ్యూజ్, ఆమీటర్ (డాష్‌బోర్డ్ మీద కరెంటు చూపే ముల్లు మీటర్). న్యూట్రల్ స్విచ్ సంగతి చాలామందికి గుర్తురాదు. మాస్సీ ఫెర్గూసన్ 135లో హై-లో లివర్ న్యూట్రల్ స్థానంలో లేకపోతే సెల్ఫ్ తిరగదు. అంతకంటే పాతదైన ఫెర్గూసన్ టీఈ20లో గేరు లివర్‌నే స్టార్ట్ స్థానానికి తోసి సెల్ఫ్ కొట్టాలి. లివర్ కాస్త అటూ ఇటూ కదుపుతుంటే సెల్ఫ్ అందుకుంటే ఆ స్విచ్ అరిగిందని అర్థం, దాన్ని మార్చండి, డైరెక్ట్ చేయకండి.

మొత్తం బండిలోనే కరెంటు లేకపోతే, అంటే లైట్లు, హారన్, ఏదీ పనిచేయకపోతే, డాష్‌బోర్డ్ వెనక ఆమీటర్ నట్లు చూడండి. పాత బండ్లలో సెల్ఫ్ తప్ప మిగతా కరెంటంతా ఈ ఆమీటర్ లోంచే పోతుంది, దాని నట్టు ఒక్కటి వదులైతే అంతా చీకటే. ఫ్యూజ్ పోతే అదే రేటింగ్ ఫ్యూజ్ వేయాలి. మళ్లీ పోయిందంటే ఎక్కడో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందన్నమాట, సైలెన్సర్ పక్కన, స్టీరింగ్ కింద, ఎలుకలు చేరే మూలల్లో వెతకండి. ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టడం మాత్రం వద్దు, కాలాల్సిన ఫ్యూజ్ కాలకపోతే వైరింగ్ కాలుతుంది, పక్కనే డీజిల్ ట్యాంకు ఉంటుంది.

ఇండికేటర్ వేస్తే ఇంకో లైటు మసగ్గా వెలగడం, బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు ఆరడం లాంటి వింతలు చూస్తే ఆ లైటు ఎర్త్ విప్పి శుభ్రం చేయండి, నూటికి తొంభై అక్కడే తీరుతుంది.

చార్జింగ్

ఆల్టర్నేటర్ ఉంటే పని సులువు. ఇంజిన్ ఓ మోస్తరు వేగంలో ఉన్నప్పుడు బ్యాటరీ పోస్టుల మీద 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. పెరగకపోతే ముందు ఫ్యాన్ బెల్టు బిగువు, తర్వాత వెనక వైర్లు, ఆ తర్వాత డాష్‌బోర్డ్ మీది చార్జింగ్ బల్బు. చాలా ఆల్టర్నేటర్లకు ఆ బల్బు ద్వారానే మొదటి కరెంటు అందుతుంది, అది మాడిపోతే మంచి ఆల్టర్నేటర్ కూడా చార్జ్ చేయకపోవచ్చు. 15 దాటుతుంటే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. చార్జ్ అవుతోందా లేదా చూడటానికి నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ వైరు పీకి చూసే వాళ్లున్నారు, డైనమో కాలంలో పనికొచ్చిందేమో గానీ ఆల్టర్నేటర్‌ని అది చంపేస్తుంది.

డైనమో అయితే దానికీ కటౌట్‌కీ (డైనమో వోల్టేజ్‌ని అదుపు చేస్తూ, బ్యాటరీ కరెంటు వెనక్కి పారకుండా ఆపే పెట్టె) మధ్య ఎవరిది తప్పో తేల్చాలి. డి, ఎఫ్ అని రెండు టెర్మినళ్లుండే లూకాస్ రకానికి పద్ధతి ఇది: రెండు వైర్లూ విప్పి, డైనమో మీది డి, ఎఫ్‌లను ఒక చిన్న వైరుతో కలిపి, అక్కడికీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి నెమ్మదిగా వేగం పెంచండి. వోల్టేజ్ చకచకా ఎక్కి బ్యాటరీ వోల్టేజ్ దాటిపోతే డైనమో మంచిదే, కటౌటో వైర్లో చూడాలి. ఇక్కడ డైనమో వోల్టేజ్‌ని అదుపు చేసేది ఏదీ లేదు కాబట్టి 1000 ఆర్‌పీఎం దాటించకండి. ఏమీ రాకపోతే బ్రష్‌లు, అవి ఒరుసుకునే రాగి చక్రం (కమ్యుటేటర్) మీద మసి చూడండి. చాలాకాలం పడి ఉన్న డైనమో లోపలి అయస్కాంత గుణం పోయి కూడా చార్జ్ చేయదు. ఈ లూకాస్ రకానికి ఎఫ్ వైరు విప్పి, బ్యాటరీ లైవ్ కొన (ఎర్త్ కాని కొన) నుంచి ఒక వైరు తెచ్చి డైనమో ఎఫ్ టెర్మినల్‌కి క్షణం పాటు రెండు మూడుసార్లు తాకిస్తే మళ్లీ మేలుకుంటుంది. వేరే రకాలకు పద్ధతి వేరు, ముందు మీది ఏ రకమో చూసుకోండి.

ఇంజిన్ ఆపేశాక ఆమీటర్ ముల్లు బాగా మైనస్ వైపు పడి ఉంటే కటౌట్ కాంటాక్టులు అతుక్కున్నాయని అనుమానించండి. బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పారుతోంది, వైర్లు వేడెక్కుతాయి. ఆలోచించకుండా బ్యాటరీ వైరు తీసేయండి.

పెట్రోల్ బండి: సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

ఒక ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజిన్ మీద ఆనించి తిప్పండి, పెట్రోల్ ఆవిర్లు లేకుండా చూసుకుని. నీలి రంగులో చిటపటలాడే నిప్పు రవ్వ రావాలి. సన్నగా పసుపుపచ్చగా వస్తే బలం లేదు.

రాకపోతే ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజ్ తయారుచేసే కాయిల్ దగ్గర మొదలుపెట్టండి. కీ ఆన్‌లో ఉండగా స్విచ్ నుంచి వచ్చే టెర్మినల్ దగ్గర ల్యాంప్ వెలగాలి. తర్వాత డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు రవ్వ పంచే భాగం) వైపు టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య చిన్న 5 వాట్ల బల్బు పెట్టి ఇంజిన్ తిప్పితే బల్బు మిణుకు మిణుకుమనాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడిపోతూ ఉండే కాంటాక్టులు) కలవట్లేదు, లేదా వాటి మధ్య పొర కట్టింది. అసలు వెలగకపోతే పాయింట్లు విడిపోవట్లేదు, లేదా ఆ సన్న వైరు డిస్ట్రిబ్యూటర్ బాడీకి తగులుతోంది, లేదా పాయింట్ల దగ్గర మెరుపులు రాకుండా చూసే కండెన్సర్ షార్ట్ అయింది. ఈ ఒక్క బల్బు పరీక్షతో ఎంత గందరగోళం తీరుతుందో చేసి చూస్తే తెలుస్తుంది.

నెలల తరబడి నిలబెట్టిన బండిలో పాయింట్ల మీద కంటికి కనిపించని పొర ఏర్పడుతుంది. సన్న ఎమరీతో రుద్ది, ఆ పొడి పోయేలా మందపాటి శుభ్రమైన కాగితం మధ్యలో పెట్టి లాగండి. గ్యాప్ ఫీలర్ గేజ్‌తోనే పెట్టాలి, ఎందుకంటే ఒకే పేరున్న బండిలోనూ తేడా ఉంటుంది: ఫోర్డ్ 8ఎన్‌లో ముందు వైపు డిస్ట్రిబ్యూటర్ ఉన్నవాటికి 0.015 అంగుళాలు, తర్వాత వచ్చిన పక్క డిస్ట్రిబ్యూటర్ వాటికి 0.025. పాయింట్లు విడిపోయేచోట పెద్ద పెద్ద మెరుపులు వస్తుంటే కండెన్సర్ పోయింది. ఇంజిన్ వేడెక్కాక ఆగిపోయి చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే కాయిల్ గానీ కండెన్సర్ గానీ అనుమానించాలి, కానీ ఆగిన ఆ నిమిషంలోనే నిప్పు రవ్వ చూడండి. రవ్వ బాగుంటే తప్పు పెట్రోల్ వైపుది. ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో వదిలేస్తే కాయిల్ మాడుతుంది, ఇది గుర్తుంచుకోండి.

మాగ్నెటో (బ్యాటరీ లేకుండా తానే రవ్వ పుట్టించే పరికరం) ఉన్న బండిలో ఆ మాగ్నెటోకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఇవ్వకండి. రవ్వ రాకపోతే ముందు ఆపడానికి పెట్టిన సన్న వైరు మాగ్నెటో నుంచి విప్పి చూడండి, ఆ వైరు ఎక్కడో ఎర్త్‌కి తగిలి ఉండొచ్చు. అలా స్టార్ట్ అయితే స్విచ్‌తో ఆగదు, పెట్రోల్ కట్టేసి ఆపాలి.

డీజిల్‌కి ఈ గోలంతా లేదు. సెల్ఫ్ వేగంగా తిరుగుతున్నా అందుకోకపోతే స్టాప్ నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లిందా చూడండి, పంపు మీద స్టాప్ సోలెనాయిడ్ ఉన్న రకమైతే కీ వేసినప్పుడు టిక్కుమంటుందా వినండి, చలిలో అయితే హీటర్ ప్లగ్‌కి కరెంటు వెళ్తోందా ల్యాంప్‌తో చూడండి. అవి బాగుంటే ఇక డీజిల్ లైన్లో గాలి ఉందేమో చూసుకోవడమే.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే

అన్నీ ఆపి, కీ తీసి, ఎర్త్ వైరు విప్పి, ఆ వైరుకీ పోస్టుకీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టండి. వెలిగితే ఎక్కడో కరెంటు కారుతోంది. బల్బు వెలుగుతుండగా ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి, ఏది పీకితే ఆరిందో ఆ లైన్లోనే వెతకాలి. ఏ ఫ్యూజ్ తీసినా ఆరకపోతే ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి చూడండి, డయోడ్ చెడితే అందులోంచే కారుతుంది. విప్పిన ఆ వైరు కొన ఇంజిన్‌కి తగలకుండా గుడ్డ చుట్టండి. బల్బు వెలగనంత చిన్న లీకేజీ అయితే మీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో అదే చోట పెట్టి చూడొచ్చు, కానీ మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టారంటే మీటర్ పోతుంది. కారణం దొరికేదాకా, ఎర్త్ వైరు మీద ఒక ఐసోలేటర్ స్విచ్ (బ్యాటరీని మొత్తం విడగొట్టే స్విచ్) పెట్టుకుని పని అయిపోగానే ఆపేస్తే పొద్దున్నే బ్యాటరీ నిండుగా ఉంటుంది, తప్పు వెతకడానికి తీరిక దొరుకుతుంది.